బూడిద ఇటుకల ఇల్లు

చెరుకు సీజను మొదలైందంటే బోధన్‌లో ఉతికి ఆరేసిన బట్టలు తెల్లగా ఇంట్లోకి రావు. ఫ్యాక్టరీ పొగగొట్టాల్లోంచి లేచిన బూడిద గాలివాటున వచ్చి దండెం మీది దోతుల మీద, వాకిట్లో ఎండబోసిన మిరపకాయల మీద సన్నగా పేరుకుంటుంది. ఆడవాళ్లు తిట్టుకుంటూ దులుపుకుంటారు. ఇళ్ల నిర్మాణ శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుగా 1986లో ఆ ఊరొచ్చిన గంగామణి కూడా మొదట్లో అలాగే దులుపుకుంది. తర్వాత ఒక ఆదివారం ఫ్యాక్టరీ వెనక గుట్టలా పోసిన బూడిద దగ్గరికి వెళ్లి, సంచి నిండా ఎత్తుకుని నిజామాబాదు బస్సెక్కింది.

బస్సులో పక్క సీటామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంట్లో తల్లి భూమవ్వ సంచి విప్పి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఏందే బిడ్డ, కొలువుల చేరి జీతం తెస్తవనుకుంటే బూడిద తెచ్చినవ్?"

"జీతం ఫస్టుకొస్తది అవ్వా. ఇది గోడలకు."

భూమవ్వ బీడీలు చేసి కూతుర్ని చదివించింది. భర్త పోయాక ఖిల్లా రోడ్డులో ఒక కిరాయి గదిలో, చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా తునికాకు చుట్టేది. ఆ గదికి మట్టిగోడలు. వానాకాలం గోడలు చెమ్మపట్టి, ఆకు మెత్తబడి, చేసిన బీడీలు బూజు పట్టేవి. కార్ఖానా వాళ్లు వాటిని ఏరి పక్కన పారేస్తుంటే భూమవ్వ నిలబడి చూసేది. ఇల్లు అనే మాట ఎక్కడ విన్నా గంగామణికి ముందుగా ఆ చెమ్మ వాసనే తగిలేది. పాలిటెక్నిక్‌లో సివిల్ తీసుకున్నప్పుడు "ఆడపిల్లవు, నీకీ ఇటుకలూ సిమెంటూ ఎందుకమ్మా, టైపు నేర్చుకో" అని బుద్ధి చెప్పినవాళ్లున్నారు. ఆమె చెవిన పెట్టలేదు. స్కాలర్‌షిప్పు మీద హైదరాబాదు వెళ్లి డిగ్రీ కూడా పూర్తిచేసి వచ్చింది.

ఇప్పుడు ఆమెకు అప్పజెప్పిన పని బోధన్‌లో బీడీ కార్మికుల కాలనీ. ప్లానులో మొదట ప్రతి ఇంటికీ రెండు గదులుండేవి. ఇటుక ప్రియమవుతున్నకొద్దీ ఎస్టిమేటు కుదించుకుంటూ పోయి చివరికి ఒక గదీ వసారా మిగిలాయి. ఇటుక బట్టీల వాళ్లు చెరుకూ వరీ పండే చేలల్లో మీది మట్టిని కొని తవ్వుకుపోతున్నారు. అలా తవ్విన మడి మళ్లీ పంటకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ ఇటుక కాలడానికి చింతచెట్లూ వేపచెట్లూ కూలుతున్నాయి. మరోపక్క ఎవరికీ అక్కర్లేని బూడిద గుట్ట ఏటా పెరుగుతోంది. బాగా కాలిన చెరుకు పిప్పి బూడిదను మెత్తగా నూరి, సున్నం కలిపి, తడిగా ఉంచితే మెల్లమెల్లగా రాయిలా బిగుస్తుందని ఆమె కాలేజీలో చదువుకుంది. బట్టీ అక్కర్లేదు, కట్టె అక్కర్లేదు. అయితే పుస్తకంలో చదవడం వేరు, బోధన్ బూడిదతో ఇటుక చేసి దానిమీద కప్పు నిలబెట్టడం వేరు.

సున్నం కోసం బోధన్‌లోనే రాకాసిపేటలో ఉన్న ఖైరున్నిసా దగ్గరికి వెళ్లింది. భర్త పోయాక సున్నం బట్టీని తానే నడుపుతున్న యాభై ఏళ్ల మనిషి ఆమె.

"ఎవలింటికి వెల్ల బేటీ?"

"వెల్లకు కాదు ఖాలా, ఇటుకలకు."

"సున్నంతోని ఇటుకలా? మజాక్ చేస్తున్నవా?"

గంగామణి అక్కడే కింద కూర్చుని చెప్పుకొచ్చింది. ఖైరున్నిసా సగం విన్నది, సగం నవ్వింది. చివరికి పెరట్లో ఖాళీగా ఉన్న రేకుల షెడ్డు చూపించింది. "సిమెంటొచ్చినప్పటి సంది పండుగలకు తప్ప మా సున్నం అడిగేటోడే లేడు. నువ్వన్న అడిగినవ్. ఆ షెడ్డు తీస్కో. ఒక్క మాట, సున్నం మంచిగ నాననియ్యి. తొందరపడితే అది చేతులు కాలుస్తది."

ఆ షెడ్డులో ఆదివారాలూ సెలవులూ గడిచిపోయాయి. బూడిద జల్లించడం, నూరడం, సున్నం కలపడం, కంకర మిషను దగ్గర మిగిలే రాతిపొడి చేర్చడం, చేతి ప్రెస్సులో పోసి అదమడం. మొదటి ఇటుకలు ఎత్తితేనే విరిగాయి. తర్వాతివి ఎండలో నెర్రెలిచ్చాయి. గోనెపట్టలు కప్పి వారాల తరబడి నీళ్లు చల్లితే తప్ప బిగువు రాదని తెలుసుకోవడానికి ఒక ఎండాకాలం పట్టింది. నిజామాబాదు పాలిటెక్నిక్‌లో తనకు పాఠం చెప్పిన మేష్టారి చలవతో అక్కడ బరువు మోసే సత్తువ కొలిచే మిషను కింద ఇటుకలు పెట్టి నలిపించింది. బట్టీ ఇటుకకన్నా ఎక్కువ బరువు మోసిన ఇటుక బయటికి వచ్చిన రోజున బస్టాండుదాకా దాన్ని చంకలో పెట్టుకునే నడిచింది.

ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు రాజారాం ఆ ఇటుకను బల్ల మీద అటూ ఇటూ తిప్పి చూశాడు. "చూడమ్మా, ఒక్క ఇల్లు కట్టు. వానలలోపు అయిపోవాలె. నిలబడితే ముందు సంగతి ఆలోచిద్దాం" అన్నాడు.

కాలనీలో ఆ ఒక్క ఇల్లూ పెంటవ్వ పేరున వచ్చింది. పెంటవ్వ బీడీలు చేస్తుంది. మనవరాలితో పాటు ఒక గుడిసెలో ఉంటోంది. బూడిద ఇల్లంటే ఆమెకు నచ్చలేదుగానీ రెండు గదులొస్తాయంటే ఊరుకుంది. మేస్త్రి హన్మాండ్లు పునాది వేశాడు. గోడలు సగం లేచేసరికి ఇటుకలు చాలలేదు. మబ్బులు పడుతున్నాయి. గంగామణి ఫ్యాక్టరీ నుంచి మరో లారీ బూడిద తెప్పించి, పరీక్ష పెట్టకుండానే ఇటుకలు కొట్టించింది. ఎండకు ఆరి అవీ మొదటివాటిలాగే గట్టిగా కనిపించాయి. కొలతలు అవే, కలిపిన చేతులు అవే. ఇంకేం పరీక్ష అనుకుంది.

కప్పు పడగానే పెంటవ్వ మనవరాలితో ఆ ఇంట్లో దిగింది. ఆషాఢంలో ముసురు పట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం పెంటవ్వ ఇంటి పడమటి గోడ నడుము దగ్గర ఉబ్బి, కూర్చున్నట్టే కూలిపోయింది. మనవరాలు బడిలో ఉంది. చాట తీసుకుని బయటికి పరుగెత్తబోయిన పెంటవ్వ మీద దూలం పడి కుడికాలు మడమ దగ్గర విరిగింది.

కబురందేసరికి గంగామణి ఆఫీసులో ఉంది. వానలోనే పరుగెత్తుకొచ్చింది. అప్పటికే పెంటవ్వను ఆసుపత్రికి తీసుకుపోయారు. చుట్టూ జనం. ఎవరో "బూడిదమ్మ వచ్చింది" అన్నారు. ఆమె ఎవరి మొహమూ చూడలేదు. కూలిన గోడలో మోకాళ్ల మీద కూర్చుని ఒక పెళ్ల తీసింది. వేళ్ల మధ్య అది బురదలా జారింది. లోపల నల్లటి జిడ్డు. ఒక కొస నాలుకకు తాకించుకుంది. తీపి.

అప్పుడర్థమైంది. చెరుకు రసం నుంచి చక్కెర తీశాక మిగిలే మడ్డి ఆ బూడిద గుట్ట ఒక పక్కకు పారుతుంది. రెండో లారీ అటువైపు నుంచి ఎత్తుకొచ్చింది. తీపి తగిలితే సున్నం బిగుసుకోదు. మొదటిసారి తాను నిలబడి ఎత్తించింది, రెండోసారి లారీవాడికి వదిలేసింది. గోడ కింది సగం, మొదటి ఇటుకలతో కట్టింది, వానలో అలాగే నిలబడి ఉంది. దాన్ని చూస్తే ఆమెకు ఏడుపు ఆగలేదు.

రాజారాం తలుపు వేసి మాట్లాడాడు. "హన్మాండ్లు పునాది సరిగ్గ వెయ్యలేదని రాస్తే అయిపోతది గంగామణి. ఆయన కాంట్రాక్టు మనిషి, ఇంకోచోట పని దొరుకుతది. నీది కొత్త కొలువు."

"హన్మాండ్లన్న పునాది చెక్కుచెదరలేదు సార్. బూడిద పరీక్ష చెయ్యంది నేను. గదే రాస్త."

రాసింది. ఇంక్రిమెంటు ఆగిపోయింది. నిజామాబాదు ఆఫీసులో ప్లాన్లు గీసే సెక్షనుకు మార్చారు. బూడిద ఇటుక మాట శాఖలో మళ్లీ ఎత్తవద్దని ఉత్తర్వు వచ్చింది. పెంటవ్వ ఇల్లు మాత్రం మామూలు ఇటుకతో, ఒక గదీ వసారాతో, మళ్లీ కట్టించారు.

గంగామణి ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ పెంటవ్వ గోడవైపు తిరిగి పడుకునేది. కట్టు విప్పి ఇంటికొచ్చాక ఒకరోజు గుమ్మంలో నిలబడ్డ గంగామణిని చూసి తానే పిలిచింది.

"రా, కూసో. నీ కొలువు పోయిందా?"

"పోలే. మార్చిండ్రు."

"గా బూడిద పని ఇడ్సిపెట్టినవా?"

"లేదు పెద్దవ్వా. తప్పేందో తెలిసింది. మల్ల చేస్త."

పెంటవ్వ కుంటికాలు చాపుకుంది. గొంతు పెంచకుండానే అంది: "మల్ల ఎవల నెత్తి మీద కడ్తవ్? మా అసొంటోళ్ల మీదనే గదా. గంత ధీమ ఉంటె ముందుగాల నువ్వు కట్టుకో. నీ అవ్వను దెచ్చి అండ్ల పండవెట్టు. ఒక వానకాలం ఎల్లదియ్యి. గప్పుడు వచ్చి నాతోని మాట్లాడు."

గంగామణి బస్టాండుకు నడిచింది. బస్సులో నిజామాబాదు చేరేదాకా ఆ మాటే తలలో తిరిగింది. ఇంటికెళ్లి తల్లికి చెప్పింది.

"సరిగ్గనే అన్నది" అంది భూమవ్వ, కత్తెరతో ఆకు కత్తిరిస్తూ. "ఎప్పుడు కడ్తవ్ మరి?"

రాకాసిపేట చివర, సున్నం బట్టీకి కూతవేటు దూరంలో చిన్న జాగా తీసుకుంది. పగలు నిజామాబాదులో కొలువు, సాయంత్రం బస్సు దిగి షెడ్డులో పని. ఈసారి ఏ బూడిదనూ నమ్మలేదు. ప్రతి బండి నుంచీ కొంత తీసి సున్నంతో కలిపి గాజు గ్లాసుల్లో పోసి, పేర్లు రాసి, ఖైరున్నిసా వంటింటి కిటికీలో వరసగా పెట్టేది. బిగిసిన గ్లాసు తాలూకు బూడిదే ఇటుకకు వెళ్లేది, బిగియనిది తిరిగి గుట్టకు. గ్లాసులన్నీ అయిపోయి ఇంటికొచ్చిన చుట్టాలకు చెంబుల్లో చాయ్ పోయాల్సి వచ్చిందని ఖైరున్నిసా ఊరంతా చెప్పి నవ్వేది. ఎండిన ఇటుకలను మళ్లీ నీళ్ల తొట్టిలో ముంచి రోజుల తరబడి ఉంచి, తీసి, నేల మీద పడేసి చూసేది. పని అడగడానికి వచ్చిన హన్మాండ్లు పాత సంగతి ఎత్తకుండానే తాపీ అందుకున్నాడు.

పెళ్లి సంబంధం చూడటానికి వచ్చిన మోర్తాడు వాళ్లు ఆ తొట్ల మధ్య చీర చెక్కుకుని నిలబడ్డ పిల్లను చూసి చాయ్ తాగకుండానే వెళ్లిపోయారు. భూమవ్వ ఆ రోజు పొయ్యి ముట్టించలేదు. మర్నాడు తానే నీళ్లు మోయడానికి వచ్చింది.

మరుసటి ఏడు మృగశిర కార్తెకు తల్లీకూతుళ్లు ఆ ఇంట్లో దిగారు. గోడలకు గిలాబు పూత చేయించలేదు. దారినపోయేవాళ్లు ఆగి, వేలితో గీకి చూసి, తల ఊపుతూ పోయేవాళ్లు. ఆ ఏడు వానలు మామూలుగా కురవలేదు. మంజీర పొంగింది, బోధన్ వీధుల్లో మోకాలిలోతు నీళ్లు పారాయి. ప్రతి ఉదయం గంగామణి ఇంటిచుట్టూ తిరిగి గోడల అడుగు వరసను చేత్తో తడిమి చూసుకుని గానీ బస్సుకు పోయేది కాదు. భయం లేదనలేం. లోపల పడుకున్నది తన తల్లి.

ముసురులోనే ఒక సెలవురోజు పొద్దున పెంటవ్వ కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. నెత్తిన ప్లాస్టిక్ సంచి, చంకలో బీడీల చాట. ఎవరినీ పలకరించకుండా ఇంటిచుట్టూ ఒక తిరుగు తిరిగింది. కర్ర కొసతో గోడను పొడిచింది.

"గిలాబెందుకు చెయ్యలే?"

"చేస్తే లోపట ఏమున్నదో నీకెట్ల తెలుస్తది పెద్దవ్వా?"

పెంటవ్వ లోపలికొచ్చి, పడమటి గోడకు వీపు ఆనించి, కాలు చాపుకుని కూర్చుంది. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు తీసింది. భూమవ్వ తన చాట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ నిజామాబాదు బీడీ కార్ఖానాల గురించి, బోధన్ కార్ఖానాల గురించి మాట్లాడుకుంటూ పొద్దుమూకేదాకా బీడీలు చుట్టారు. బయట వాన ఆగలేదు. వెళ్లేముందు పెంటవ్వ మిగిలిన ఆకు చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టి నలిపింది. పెళపెళమంది.

"చెమ్మ పట్టలే" అంది భూమవ్వతో. గంగామణివైపు తిరిగి, "నాకు రెండు అర్రలంటివి. ఒక్కటే ఉన్నది. రెండోది దీంతోనే ఎయ్యి" అంది.

ఆ రెండో గది వేసవిలో లేచింది. ఇటుకలు కొట్టడానికి పెంటవ్వ తన వాడలోని ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చింది. హన్మవ్వ, అంజవ్వ, రుఖయ్యా, ఇంకొందరు. తమ ఇళ్లకూ కావాలన్నారు. షెడ్డు చాలక ఖైరున్నిసా పెరడంతా ఇచ్చింది.

కాని కాలనీలో ఇంకా కట్టవలసిన ఇళ్లకు శాఖ ఒప్పుకోవాలి. రేట్ల పుస్తకంలో లేని ఇటుకకు బిల్లు రాయడం కుదరదన్నారు. రేటు పెట్టండి అంటే వాడుకలో లేనిదానికి రేటు ఎలా పెడతామన్నారు. గంగామణి సెలవు దొరికినప్పుడల్లా సంచిలో ఇటుక వేసుకుని హైదరాబాదు వెళ్లేది. ఒక అధికారి కూర్చోమనకుండానే మాట్లాడి పంపేవాడు. ఇంకొకాయన ఇటుకను కాగితాలు ఎగరకుండా బల్ల మీద పెట్టుకున్నాడు గానీ ఆ కాగితాల్లో ఉన్న ఆమె అర్జీ తీయలేదు. పాత గోడ సంగతి తీసి, "మీరే గదా ఆ మేడం?" అని అడిగినవాళ్లకు "అవును సార్, నేనే. ఎందుకు పడ్డదో చెప్తా వినండి" అని మొదలుపెట్టేది. కాలేజీ ప్రయోగశాలలో తన జీతంతో పరీక్షలు చేయించి మళ్లీ వెళ్లేది. అలా నాలుగేళ్లు గడిచాయి.

చివరికి కదిలింది రాజారాం. పెద్ద పదవికి వెళ్లిన ఆయన ఏదో తనిఖీకి బోధన్ వచ్చి, చెప్పకుండానే రాకాసిపేటలో జీపు దిగాడు. గిలాబు లేని గోడల మధ్య కూర్చుని భూమవ్వ ఇచ్చిన చాయ్ తాగాడు. లేచి గోడమీద అరచెయ్యి ఆనించాడు.

"ఆరోజు మేస్త్రి మీద రాయమన్న. నువ్వు నా మాట వినలేదు."

"వినుంటే నాకు తప్పెక్కడున్నదో తెలిసేది కాదు సార్."

ఆయన జీపెక్కాడు. నెల తిరిగేలోపు ఉత్తర్వు వచ్చింది: ఇష్టపడిన లబ్ధిదారులకు బూడిద ఇటుకతో కట్టవచ్చు, పర్యవేక్షణ గంగామణిది. 1993 నుంచి ఆ కాలనీలో లేచిన ఇళ్లన్నిటికీ రెండేసి గదులున్నాయి. బోధన్ నుంచి ఇటుకలు వర్నికీ ఎడపల్లికీ కూడా వెళ్లాయి. ఆడవాళ్లు సంఘం కట్టుకున్నారు. వానాకాలం బీడీలు, ఎండాకాలం ఇటుకలు.

పదేళ్లు బాగానే నడిచింది. తర్వాత చెరుకు తగ్గుతూ వచ్చింది. నీళ్లు చాలక రైతులు వేరే పంటలకు మళ్లారు. ఫ్యాక్టరీ గానుగ ఏటా కొన్ని వారాలే తిరగసాగింది. బూడిద గుట్ట కరిగిపోయి ఒక సీజనులో అడుగు నేల కనబడింది. ప్రెస్సులు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే గంగామణికి హైదరాబాదుకు ప్రమోషను వచ్చింది.

"పో బేటీ" అంది ముసలిదైన ఖైరున్నిసా. "చేసింది చాలు. ఇగ ఆరాం చెయ్యి."

"షెడ్డుల ఇరవైమంది ఆడోళ్లున్నరు ఖాలా. వాళ్లకేం చెప్పాలె?"

ప్రమోషను వద్దని రాసిచ్చింది. నిజామాబాదు చుట్టూ వరి మిల్లులున్నాయి. వాళ్లు ఊకను బాయిలర్లలో కాల్చి ఆ బూడిదను రోడ్ల పక్కన పోస్తారు. ధర్పల్లి దాకా మిల్లు మిల్లూ తిరిగి సంచుల్లో తెచ్చింది. ఊక బూడిద చెరుకు బూడిదలా ప్రవర్తించలేదు. నీళ్లు గటగటా తాగేసింది. మొదటి ఇటుకలు అంచులు రాలాయి, రెండోసారి కొట్టినవి పగుళ్లిచ్చాయి. నలభై దాటిన గంగామణి కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ గ్లాసుల దగ్గర కూర్చుంది. ఈసారి ఆమె ఒంటరి కాదు. నూరేటప్పుడు ఎంతసేపు నూరాలో హన్మవ్వ వాదించేది, రుఖయ్యా నీళ్లు కొలిచి పోసేది, కుదరనిదాన్ని అంజవ్వ మొహమాటం లేకుండా పక్కకు తోసేది. తెల్లగా కాలిన ఊకను మాత్రమే తీసుకుని, మరింత మెత్తగా నూరి, సున్నం పాలు పెంచి, రాతిపొడి తగ్గించాక ఇటుక నిలబడింది. పాలిటెక్నిక్‌లో ఆమె మేష్టారు రిటైరైపోయాడు. ఆ మిషను దగ్గర ఇప్పుడు ఒక అమ్మాయి లెక్చరరుంది. ఆమె ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, "మేడం, ఇది మీ పాతదానికన్నా గట్టిది" అంది. గంగామణి ఇంకో మూడు ఇటుకలు సంచిలోంచి తీసి, "వీటిని కూడా చూడండి" అంది.

మొదటి ఆర్డరు ధర్పల్లి అవతల ఒక బడికి, రెండు తరగతి గదులు. లారీ లోడవుతుంటే ఆడవాళ్లు తామూ వస్తామని పట్టుబట్టారు, గోడలు లేచేది కళ్లారా చూడాలట. పెంటవ్వను డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. మిగతావాళ్లు ఇటుకల మీద గోనెపట్టలు పరుచుకుని ఎక్కి కూర్చున్నారు. జాగా లేదని డ్రైవరు గొణుగుతుంటే, గంగామణి చెప్పులు చేత్తో పట్టుకుని, వెనక చక్రం మీద కాలు పెట్టి తానూ ఎక్కింది.

"ఇగ పోనియ్యన్నా" అంది.